కారం అంటని చేతులు

మొదటి చెంచా నోట్లో పెట్టగానే పున్నమ్మ మంచం మీద ఎగిరిపడింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. అంతలోనే తెరిచి, తిన్నదంతా ఒళ్ళో తువ్వాల్లోకి కక్కేసి, నాలుక బయటపెట్టి గాలి పీల్చుకోసాగింది. కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

"మంట," అన్నది. "మంట... మంట."

నాలుక పక్కన కేన్సరు పుండు లేచి, గుంటూరు ఆస్పత్రిలో దానికి కరెంటు పెట్టించుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఆ నోట్లోంచి తెలిసేలా వచ్చే మాటలు నాలుగైదే. అందులో ఇదొకటి.

కోడలు లిడియా గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మంటేమిటి? ఇందులో మంట ఎక్కడుంది? ఉడికిన బంగాళాదుంప, పాలు, వెన్న, చీజు. ఉప్పు కూడా చిటికెడే వేసింది. కారం డబ్బా ఉన్న అర వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆస్పత్రిలో తిండి సంగతి చెప్పే అమ్మాయి ఏం చెప్పిందో అదే చేసింది. మెత్తగా ఉండాలి, చప్పగా ఉండాలి, బలం ఉండాలి అన్నది ఆ అమ్మాయి. ఇంతకన్నా మెత్తగా, ఇంతకన్నా చప్పగా ఈ జిల్లాలోనే ఎవరూ ఏదీ వండి ఉండరు.

"ఏం కలిపావే ఇందులో?" అంటూ కెజియా వాకిట్లోంచి ఒక్క అంగలో లోపలికి వచ్చింది. కెజియా పున్నమ్మ కూతురు, లిడియా మొగుడు ఇమ్మానియేలుకి అక్క. చీమకుర్తిలో ప్రైవేటు బడిలో టీచరు. అమ్మని చూసుకోవడానికి సెలవు పెట్టి వచ్చానని అందరికీ చెప్పుకుంటుంది గానీ, ఏటా ఈ రోజుల్లో ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుని పోవడానికి వచ్చే మనిషే. ఈసారి రెండు పనులూ కలిసొచ్చాయి. వాకిట్లో పట్టా మీద ఆమె మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి.

"ఏం కలపలేదు వదినా. నువ్వే తిని చూడు."

కెజియా ఇంత వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. చప్పరించింది. ఏమీ తెలియలేదు. ఆ సంగతి ఒప్పుకోకుండా తమ్ముడి వైపు చూసింది. ఇమ్మానియేలు బల్ల మీద పడుకుని ఫోను చూస్తున్నవాడు బద్ధకంగా లేచి వచ్చి, ఒక చెంచా నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టాడు.

"కారమా? దీంట్లోనా? సున్నం తిన్నట్టుంది నాకు."

వాళ్ళ సాక్ష్యం సాక్ష్యమే కాదు. పచ్చిమిరపకాయ నంజుకోకుండా మజ్జిగన్నం కూడా దిగని నాలుకలు అవి. వాటికి మంట తెలియాలంటే నిప్పే పెట్టాలి.

"మరి అమ్మ ఊరికే ఏడుస్తదా?" అంది కెజియా. "కారం గిన్నెలో కలిపుంటావు. తోముకోటానికి నీకు బద్ధకం."

"గిన్నె కొత్తది వదినా. ఇయ్యాలే కొన్నా. దాని మీద అంటించిన కాయితం కూడా ఇంకా ఊడలా, చూడు." లిడియా గిన్నె తిప్పి చూపించింది.

ఇమ్మానియేలు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, మారాం చెయ్యమాక. డాక్టరు ఏమన్నాడు? సోమవారం లోపల బరువు పెరగకపోతే ముక్కులోంచి గొట్టం ఏస్తానన్నాడా లేదా?"

గొట్టం మాట వినగానే పున్నమ్మ మూలుగు ఆపేసింది. ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడకి అట్లాగే వేశారు. ఆవిడ ఊరికే పీక్కుంటున్నదని రెండు చేతులూ మంచానికి గుడ్డపేలికలతో కట్టేశారు. ఆ చేతుల వైపు చూడకుండా పున్నమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ గోడ వైపే తిరిగి పడుకుంది. ఇప్పుడూ గోడ వైపే తిరిగింది.

ఎవరూ గిన్నె సంగతి పట్టించుకోలేదు. లిడియా వంటింట్లోకి పోయి, మిగిలిన ముద్ద పొయ్యి దగ్గరే నిలబడి తినేసింది. చీజు పారెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. తింటున్నంతసేపూ కోపం దవడల్లోకి దిగింది. ముసలామె తన మీద చెడ్డపేరు వెయ్యాలని కాకపోతే, పాలూ దుంపా మండటమేమిటి? మొగుడి ముందు, ఆడబిడ్డ ముందు కోడలు కారం పెట్టిందని అనిపించుకోవాలనే కదా. అట్లాగే ఉండు, నేనూ చూస్తానని మనసులో అనుకుంది.

మర్నాడు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కూర్చున్నంతసేపూ అదే అనుకుంది. గుంటూరు శివార్లలో ఆ షెడ్డు, రోజూ తొడిమలు తీసే కూలికి ఆమె పోయేది అక్కడికే. బస్తా తేజ రకం మిరపకాయలు నేల మీద గుమ్మరిస్తారు. ఆడవాళ్ళు మూతికీ ముక్కుకీ చీర కొంగు బిగించుకుని చుట్టూ కూర్చుంటారు. ఎడమచేత్తో గుప్పెడు కాయలు తీసుకోవడం, కుడిచేతి బొటనవేలు గోటితో తొడిమ తుంచడం, కాయ ఒక కుప్పలోకి, తొడిమ ఒక కుప్పలోకి. అదే పని పొద్దుగూకేదాకా. తేజ కాయ మామూలు కాయ కాదు. పక్కన ఎవరైనా బస్తా దులిపితే షెడ్డంతా దగ్గుతుంది. గోటి సందుల్లో మంట మధ్యాహ్నానికి మణికట్టు దాకా పాకుతుంది. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు. పొద్దున్నకి తగ్గిందనుకునేలోపు మళ్ళీ పని.

నిరుడు లిడియా ముఠా మేస్త్రీ సుభానీని అడిగింది, చేతులకి తొడుగులు ఇప్పించమని. "తొడుగేసుకుంటే గోరు ఆడదమ్మా, పని సాగదు. సేటు ఒప్పుకోడు," అన్నాడు అతను. ఆ సేటు కాయలు చూసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకుని చూస్తాడు. ఆ సంగతి అప్పుడు నవ్వుకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడు నవ్వు రాలేదు.

సాయంత్రం ఆటో దిగి, సెంటర్లో గౌస్ బాషా బేకరీకి పోయింది. పిజ్జాల కోసం అతను చీజు తెప్పిస్తాడు. అడిగితే ముక్క కోసి ఇస్తాడు.

"మీ చీజు మండుద్దా అన్నా?" అని అడిగింది.

గౌస్ బాషా కత్తి ఆపి చూశాడు. "మండటమేందమ్మా? పాలు గదా అది. ఉప్పగా ఉంటది, అంతే. ఎవరికి మండింది?"

"మా అత్తకి."

"నోట్లో పుండ్లు గదా పాపం. ఉప్పు తగ్గించు. చీజు తక్కువేసి వెన్న ఎక్కువెయ్యి. దుంపని మాత్రం మిక్సీలో వెయ్యమాక, బంకలా సాగిద్ది. వేడి మీదే తొక్క తీసి చేత్తో మెదుపు. పాలు కూడా గోరువెచ్చగా ఉండాలి. చల్లటివి పోశావంటే ముద్ద ముద్దగా ఇరిగిపోద్ది."

లిడియా అవన్నీ బుద్ధిగా విన్నది. ఇంటికి వచ్చి ముందుగా చేతులు కడుక్కుంది. సబ్బుతో రుద్ది, మజ్జిగతో రుద్ది, మళ్ళీ సబ్బుతో రుద్దింది. వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. పప్పుగుత్తిని ముట్టుకోలేదు. ఏళ్ళ తరబడి గోంగూరా మిరపపండూ ఎనిపి ఎనిపి దాని చెక్కే ఎర్రబారింది, ఎన్ని కడిగినా ఆ ఘాటు పోదు. మిక్సీ జారుదీ అదే బతుకు. అందుకే, చంటిపిల్లకి గోరుముద్ద కలిపినట్టు అరచేత్తో మెదిపింది. ఉడికిన దుంప సెగ అరచేతికి చుర్రుమన్నా ఆపలేదు. ఒక్క పలుకు తగలకుండా మెదిపి, పాలు పోసి, వెన్న వేసి, చీజు తరిగి వేసి, సన్నటి సెగ మీద కలిపింది. గరిటె ఎత్తితే చీజు తెల్లటి తీగలా సాగింది. చూడముచ్చటగా ఉంది. ఇది కూడా తినకపోతే ఇక ఆ మనిషి పొగరే అనుకుంది.

పున్నమ్మ చెంచా వైపు భయంగా చూసింది. కోడలి మొహం చూసి నోరు తెరిచింది. ముద్ద నాలుకకి తగిలిందో లేదో, ఒళ్ళంతా ముడుచుకుపోయింది. మింగాలని చూసింది పాపం. గొంతు దాకా పోయింది కూడా. అక్కణ్ణుంచి తిరిగి బయటికి వచ్చేసింది.

లిడియాకి ఇక ఏమీ కనిపించలేదు.

"చావు!" అన్నది. గిన్నె మంచం కోడు మీద దబాల్న పెట్టింది. సగం ముద్ద దుప్పటి మీద పడింది. "గొట్టమే పెట్టించుకో! చేతులు కట్టేస్తే అప్పుడు తెలుసుద్ది. పొద్దంతా ఆ షెడ్డులో సచ్చి వచ్చి, నీకోసం ఈ గడ్డీ గాదం నేర్చుకుని చేస్తంటే, నేను నీకు ఇషం పెడతన్నానా? చెప్పు! నీ కొడుకూ కూతురూ ఇంటన్నారు, చెప్పు!"

కెజియా వాకిట్లో మిరపకాయలు ఎత్తుతున్నది అట్లాగే ఆగిపోయింది. ఇమ్మానియేలు "ఏయ్" అన్నాడు గానీ బల్ల మీంచి లేవలేదు.

పున్నమ్మకి చెప్పే నోరు లేదు. చెయ్యి చాపి లిడియా మణికట్టు పట్టుకుంది. ఎముకల గూడులా ఉన్న మనిషిలో అంత పట్టు ఎక్కడ దాచుకుందో, కోడలి చేతిని ఒక్క గుంజు గుంజి, ఆ చూపుడువేలినే తీసుకుపోయి కోడలి కంటి కొసలోకి గట్టిగా రుద్దింది.

"కన్ను పొడుస్తావా!" అంటూ లిడియా వెనక్కి తూలింది.

మంట ఆ తర్వాత వచ్చింది. ముందు చిన్నగా, తర్వాత కన్నంతా నిప్పయినట్టు. చీర కొంగు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. నీళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతున్నది, రెండో కన్ను కూడా తెరుచుకోవడం లేదు. ఆ చీకట్లో, చెయ్యి పట్టుకున్న ముసలి వేళ్ళు ఇంకా వదల్లేదు.

చేతులు మండుతుంటే కన్ను ముట్టుకోకూడదని ఆ వూళ్ళో ఊహ తెలిసిన ప్రతి పిల్లకీ తెలుసు. నోటి సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. నోటికి ఎట్లాగూ కారమే పెడతారు కాబట్టి.

"నా చేతులే," అన్నది లిడియా. "అత్తా, నా చేతులేనా?"

పున్నమ్మ తల ఊపింది.

లిడియాకి కూలబడి ఏడవాలనిపించింది. ఏడుపు రాలేదు. అప్పటికే కళ్ళు కావలసినంత కారుతున్నాయి. వచ్చింది కోపమే. తన మీద, సేటు మీద, మేస్త్రీ మీద, బద్ధకమని పేరు పెట్టిన ఆడబిడ్డ మీద, మారామని పేరు పెట్టిన మొగుడి మీద. నోరు ఉడికిపోయిన మనిషికి రెండు రోజులు తన చేత్తో కారం తినిపించింది. పైగా చావమన్నది.

కొంగుతో మొహం తుడుచుకుని వాకిలి వైపు తిరిగింది. "వదినా, రా. నువ్వు చెయ్యి. నేను చెప్తా."

కెజియా రెండడుగులు వేసి తన చేతుల వైపు చూసుకుంది. పొద్దుటినుంచీ కాయలు తుంచుతూనే ఉంది. గోళ్ళ కింద ఎర్రటి పొడి. ఆ చేతులు మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

"పక్కింటోళ్ళని పిలుద్దామా?" అన్నది, గొంతు తగ్గించి.

పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు, ఆ వీధిలో ఆడవాళ్ళంతా కోతలకో తొడిమలకో పోయి వచ్చినవాళ్ళే. గరిటెతో మెదపొచ్చు. చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని తొక్క తియ్యొచ్చు. కాస్త నిదానంగా ఆలోచిస్తే ఏదో ఒక దారి దొరికేదే. లిడియాకి ఆ దారి వెతకాలనిపించలేదు. బల్ల మీద కాళ్ళు చాపుకున్న మొగుడి వైపు చూసింది.

ఇమ్మానియేలు స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకోవాలి. మధ్యలో ఎండ ఉన్నంతసేపూ ఆ బల్లే. స్టీరింగు తప్ప ఆ చేతులకి ఏమీ అంటదు. మిరప చేలోకి దిగి ఎన్నాళ్ళయిందో. వంటింట్లోకైతే నీళ్ళు తాగడానికి కూడా పోడు.

"ఏందట్టా చూస్తన్నావ్?" అన్నాడు.

"లే."

"నేనా?"

"ఈ ఇంట్లో కారం అంటని చేతులు ఎవరియ్యి? చూపించు. నీ చేతులు ఇట్టా చాపు, నా చేతులు పక్కన పెడతా. ఏ చెయ్యి మీ అమ్మ నోట్లో పెట్టొచ్చో నువ్వే చెప్పు."

"నాకు వంట తెలీదు గదే."

"నాకూ చీజు తెలీదు. నేర్చుకోలా?"

అతను అక్క వైపు చూశాడు. కెజియా అడ్డం పడుతుందనుకున్నాడు. ఆమె నేల చూపులు చూసింది. తల్లి వైపు చూశాడు. పున్నమ్మ కళ్ళార్పకుండా కొడుకునే చూస్తున్నది. లుంగీ బిగించుకుని, తిట్టుకుంటూ లేచాడు.

లిడియా వంటింటి గడప మీద కూర్చుంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. చేతులు రెండూ చంకల్లో దాచుకుంది.

"ముందు చేతులు కడుగు. కడిగావా? దుంపలు ఉడకెయ్యి. ఉడికినయ్యేమో ఇప్పుడు చాకు గుచ్చి చూడు. దిగిందా? ఇప్పుడు తొక్క తియ్యి."

"కాలిపోతన్నయ్యే!"

"కాల్తయ్. చల్లారితే బంకైపోద్ది. ఊదుకుంటా తియ్యి."

అతను వేళ్ళు ఊదుకుంటూ, దుంపని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ తొక్క తీశాడు. మెదపడం మొదలుపెట్టాడు. కాసేపటికి చాల్లేనని గిన్నె చూపించాడు.

"ఉండలున్నయ్. మెదుపు."

"ఇంకెంతసేపే?"

"ముద్దపప్పు కన్నా మెత్తగా అయ్యేదాకా. నీ చెయ్యి నొప్పి పుట్టేదాకా అనుకో."

పాలు ఒక్కసారే పోయబోయాడు. అరిచింది. కొంచెం కొంచెంగా పోశాడు. వెన్న వేశాడు. చీజు ముక్కలు ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీగా తరిగాడు. పొయ్యి సెగ తగ్గించమంటే ఆర్పేశాడు, మళ్ళీ వెలిగించాడు. అడుగంటకుండా కలపమంటే గరిటెని గేరు మార్చినట్టు తిప్పాడు. మెల్లగా ఆ గిన్నెలోది నున్నగా, లేత పసుపుగా, మెరుస్తూ వచ్చింది. అంచున కాస్త నాకి చూశాడు.

"బానే ఉంది," అన్నాడు. నిన్న సున్నంలా ఉన్నది ఇవాళ బాగుందంటే అందులో ఏం మహిమ ఉందో లిడియాకి తెలుసు.

పున్నమ్మ మొదటి చెంచాకి కళ్ళు గట్టిగా మూసుకుంది. మంచం పట్టె పట్టుకుంది. నోట్లో ముద్ద అటూ ఇటూ కదిలింది. గొంతు ఒకసారి పైకీ కిందికీ ఆడింది. కళ్ళు తెరిచి, ఇదేమిటన్నట్టు ముగ్గురి వైపూ చూసి, మళ్ళీ నోరు తెరిచింది.

గిన్నె సగం ఖాళీ అయింది. తిండి కోసం ఆ నోరు అట్లా తెరుచుకోవడం చూసి ఎన్నాళ్ళయిందో. లిడియా గడప దగ్గరే నిలబడి చూసింది. సంతోషం వచ్చింది. సంతోషం పక్కనే కోపం కూడా అట్లాగే ఉంది, ఎక్కడికీ పోలేదు.

"గిన్నె కూడా నువ్వే తోము," అన్నది మొగుడితో. "నా చెయ్యి తగలకూడదు."

శుక్రవారం, శనివారం బస్సు ట్రిప్పుల మధ్యలో ఇమ్మానియేలే వండాడు, తినిపించాడు. రెండో రోజుకి తొక్క తియ్యడం చేతనయింది. మూడో రోజుకి సలహాలు చెప్పడం కూడా వచ్చింది. పాలు గోరువెచ్చగా ఉండాలని లిడియాకే చెప్పాడు. కెజియా ఇదంతా వీడియో తీసి, కింద రెండు దండాల బొమ్మలు పెట్టి, తమ్ముడు బంగారమని స్టేటస్ పెట్టుకుంది. లిడియా మాత్రం చీకటితోనే లేచి మిగతా అందరికీ అన్నం కూర వండి, ఆటో ఎక్కి షెడ్డుకి పోయి, వచ్చి, మళ్ళీ వండుతూనే ఉంది. దానికి ఎవరూ వీడియో తీయలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు మార్క్ గారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ప్రార్థన చెయ్యడానికి ఇంటికి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఇమ్మానియేలు తల్లి పక్కన కూర్చుని చెంచాతో పెడుతున్నాడు. పాస్టరు గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"చూడండమ్మా, చూడండి," అన్నారు వెనకవాళ్ళతో. "తల్లికి తన చేత్తో వండి తినిపిస్తున్నాడు. ఇట్లాంటి కొడుకుని కన్నందుకు పున్నమ్మ ధన్యురాలు. వచ్చే ఆదివారం సంఘంలో నేను ఈ సంగతి చెప్తాను."

"లిడియా, దేవుడు నీకు ఎంత మంచి భర్తనిచ్చాడే!" అంది ఒకావిడ. "మా ఇంట్లో అయితే మంచినీళ్ళ గ్లాసు కూడా తీసుకోరు."

ఇమ్మానియేలు సిగ్గుపడుతూ తల వంచుకుని ఇంకో చెంచా పెట్టాడు. లిడియా టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఒక్కో గ్లాసూ ఠక్కున కింద పెట్టింది. పొగిడిన ఆవిడ చీర మీద టీ చిందింది కూడా. తనకి నోటి దాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. పాస్టరు గారి ముందు అనదగ్గది అందులో ఒక్కటీ లేదు.

అందరూ వెళ్ళాక, కెజియాని కారం మూటలతో సహా బస్సెక్కించడానికి ఇమ్మానియేలు పోయాక, పున్నమ్మ లిడియాని రమ్మని చెయ్యి ఊపింది. మింగుడు పడుతున్న దగ్గర్నుంచీ ఆ గొంతులోంచి మాటలు కొంచెం తేరుకుంటున్నాయి.

"ఈడు," అన్నది, కొడుకు పోయిన వైపు గడ్డం చూపిస్తూ. ఆగి, ఊపిరి తీసుకుంది. "చంటోడప్పుడు... కోతకి పోయొచ్చి ఎత్తుకుంటే... కెవ్వుమనేవోడు. పాలిచ్చేటప్పుడు కూడా... చేతులకి గుడ్డ చుట్టుకునేదాన్ని. ఒళ్ళు రుద్ది నీళ్ళు పొయ్యలా... ఎప్పుడూ."

లిడియా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"మీ అమ్మ నిన్ను దగ్గరికి రానియ్యదని... ఈడితో ఈధిలో అన్నారు." పున్నమ్మ మళ్ళీ ఆగింది. "ఎవరూ... పొగడ్లా."

అంతసేపు మాట్లాడినందుకు నోరు నొప్పి పుట్టి, తువ్వాలు అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. లిడియాకి ఆ ముసలి చేతిని ముట్టుకోవాలనిపించింది. ముట్టుకోకుండా తన చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ మనిషినా తాను పొగరుబోతనుకున్నది?

సోమవారం ఆస్పత్రిలో బరువు చూసే మిషను ముల్లు కొద్దిగా పైకి పోయింది. కొద్దిగానే. డాక్టరుకి అది చాలింది. గొట్టం అక్కర్లేదు, ఇదే తిండి ఇంకో రెండు నెలలు పెట్టండి, ఒక్కరోజు తప్పినా మళ్ళీ జారిపోతుంది అన్నాడు. వండేదెవరు అని అడిగితే ఇమ్మానియేలు "నేనేనండి" అన్నాడు. లిడియా కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ వారంలోనే బళ్ళకి సెలవులిచ్చారు. ఎండలు ముదిరాయని మిర్చి యార్డుకీ సెలవులిచ్చారు. షెడ్డులో పని ఆగింది. లిడియా చేతులు మొదట తోలు ఊడాయి, తర్వాత లోపలినుంచి కొత్త తోలు గులాబీ రంగులో వచ్చింది. కన్ను నలుపుకున్నా ఏమీ కాలేదు. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఇమ్మానియేలు రోజుకి రెండుసార్లు వంటింట్లోకి పోతూనే ఉన్నాడు గానీ, పోయే ముందు నిట్టూర్పు, వచ్చాక నడుం నొప్పి మొదలయ్యాయి. సంఘంలో పొగిడిన ఆదివారం కూడా అయిపోయింది. ఆ పొగడ్త ఎన్నాళ్ళు పనిచేస్తుంది?

ఒకరోజు మధ్యాహ్నం లిడియా చెయ్యి పట్టుకుని, ఆ చూపుడువేలు తన కనురెప్ప మీద రుద్దుకున్నాడు. కళ్ళు ఆర్పి చూశాడు.

"చూశావా, ఏమీ లేదు," అన్నాడు ఉషారుగా. "చేతులు బాగయినయ్ గదా. ఇయ్యాల్టి నుంచి నువ్వే చూసుకో. ఇది ఆడోళ్ళ పని గానీ మగోడి పని కాదే బాబూ."

"జూన్‌లో మళ్ళీ షెడ్డుకి పోతా గదా. అప్పుడు?"

"అప్పటి సంగతి అప్పుడు." బల్ల మీద వాలి ఫోను తీశాడు.

లిడియాకి ఒళ్ళు మండింది. అయినా వాదించలేదు. ఆకలి వేళకి మొగుడితో గొడవ పెట్టుకుని ముసలామె నోరు ఎండబెట్టదలుచుకోలేదు. వంటింట్లోకి పోయి దుంపలు ఉడకేసింది. కొత్త తోలు వచ్చిన చేతులతో వేడి మీదే తొక్క తీసి మెదిపింది. కోపమంతా ఆ దుంపల మీదే చూపించిందేమో, ఇన్నాళ్ళలో ఎన్నడూ రానంత మెత్తగా వచ్చింది. పాలు, వెన్న, చీజు అన్నీ సరిగ్గా పడ్డాయి. చిన్న గిన్నెలో తీసుకుని, గోరువెచ్చగా అయ్యాక అత్త పక్కన కూర్చుని చెంచా నోటికి అందించింది.

పున్నమ్మ ముద్ద నోట్లో ఉంచుకుని కోడలి మొహంలోకి చూసింది. ఆ మొహం ఎట్లా ఉందో చూసింది. మెల్లగా తల తిప్పి, బల్ల మీద కాళ్ళూపుకుంటున్న కొడుకు వైపు చూసింది. కాసేపు అట్లా చూస్తూనే ఉండి, ముద్దని నింపాదిగా మింగేసింది. పెదాలు కూడా తుడుచుకుంది.

అప్పుడు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మంట!" అన్నది, వాకిట్లోకి వినపడేంత గట్టిగా. "మంట!"

ఇమ్మానియేలు బల్ల మీంచి దిగ్గున లేచాడు. "ఏందమ్మా? మళ్ళీనా? కారం పోయింది గదా దీని చేతులకి! నేను చూశా గదా!"

పున్నమ్మ తల అడ్డంగా ఊపింది. గిన్నె వైపు చూసి మొహం ముడుచుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి గొట్టంలా కిందికి గీసింది. కొడుకు మొహం పాలిపోయింది. లిడియా వైపు ఒకసారి కొరకొరా చూశాడు. చూసి ఏం చేస్తాడు? లుంగీ ఎగగట్టుకుని వంటింట్లోకి పోయాడు. దుంపల బుట్ట లాగిన చప్పుడు, గిన్నె దడాల్న పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించాయి.

లిడియా చెంచా పట్టుకుని అత్త వైపే చూస్తున్నది. ఆ ముసలి కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు.

పున్నమ్మ గిన్నెని రెండు వేళ్ళతో కోడలి వైపు తోసింది.

"తిను," అన్నది చిన్నగా. "చల్లారిద్ది."

లిడియా ఒక చెంచా తిన్నది. ఇంకో చెంచా తిన్నది. లోపలినుంచి మొగుడు, వేళ్ళు కాల్చుకున్నాడు కాబోలు, అబ్బా అని అరిచాడు. పున్నమ్మ దిండు మీద వెనక్కి వాలి గొంతు పెంచింది.

"ఒరేయ్, ఈసారి వెన్న కాస్త ఎక్కువెయ్యి."